ఎనిమిదిన్నర దగ్గర గీత: బేస్‌బాల్ నిబంధనలూ టోటల్ పందేలూ

అమెరికాలో స్పోర్ట్స్ బెట్టింగ్ మీద ఉన్న కేంద్ర నిషేధాన్ని 2018 మే 14న సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పటి నుంచి ఒక్కో రాష్ట్రం తలుపు తెరుస్తూ వచ్చింది. ఈలోగా బేస్‌బాల్ నిబంధనలూ మారాయి. క్రికెట్ కళ్లతో ఈ ఆట చూసే మనవాళ్లు ఈ రెండు మార్పులనూ కలిపి అడుగుతుంటారు. ఆ ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు ఇవి.

టోటల్ అంటే ఏమిటి?

రెండు జట్లూ కలిపి చేసే పరుగుల మొత్తం. ఎవరు గెలిచారన్నది దీనికి అక్కర్లేదు. బెట్టింగ్ సంస్థ ఒక గీత గీస్తుంది, 8.5 అనుకోండి. తొమ్మిది గానీ ఆపైన గానీ వస్తే ‘ఓవర్’ కాసినవాళ్లు గెలుస్తారు, ఎనిమిది దాటకపోతే ‘అండర్’ వాళ్లు. అర పరుగు ఎవరూ చేయరు కదా అంటారా, తగవు రాకుండా ఉండటానికే ఆ అర. గీత 9 మీద ఉండి సరిగ్గా తొమ్మిదే వస్తే ఎవరి డబ్బు వాళ్లకు వెనక్కి ఇచ్చేస్తారు.

మామూలు ధర ప్రకారం 110 డాలర్లు కాస్తే 100 లాభం. ఆ తేడా, కోడిపందేల బరి నడిపేవాడు పట్టుకునే కమీషన్ లాంటిది. దాని లెక్క ఏమిటంటే, వందకు 52 కన్నా కాస్త ఎక్కువసార్లు గెలిస్తేనే పెట్టిన డబ్బు చేతిలో మిగులుతుంది.

నిబంధన మారితే పరుగులు నిజంగా మారతాయా?

మారతాయి. అందుకు పాత సాక్ష్యం 1968. ఆ ఏడాది పిచర్ల రాజ్యం నడిచింది. సెయింట్ లూయిస్ పిచర్ బాబ్ గిబ్సన్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 1.12 పరుగులే ఇచ్చాడు. మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో బ్యాటింగ్ కిరీటం .301 సగటుకే కార్ల్ యస్ట్రెమ్‌స్కీకి దక్కింది. ఒక్కో జట్టు ఆటకు 3.42 పరుగులు చేసిన సీజన్ అది. మరుసటి ఏడాది పిచర్ నిలబడే మట్టిదిబ్బ (మౌండ్) ఎత్తును 15 అంగుళాల నుంచి 10కి దించి, బంతిని స్ట్రైక్‌గా లెక్కించే ప్రాంతాన్ని (స్ట్రైక్ జోన్) కుదించారు. సగటు 4.07కు లేచింది. రెండు జట్లకూ కలిపితే దాదాపు 6.8 నుంచి 8.1.

అయితే 1969లోనే నాలుగు కొత్త జట్లు మేజర్ లీగ్‌లోకి వచ్చాయి. అంతకుముందు చోటు దొరకని పిచర్లు ఎందరో బంతి అందుకున్నారు. పెరిగిన పరుగుల్లో మట్టిదిబ్బ వాటా ఎంత, కొత్త పిచర్ల వాటా ఎంత అని ఎవరూ తేల్చలేరు. ప్రతి నిబంధన మార్పు విషయంలోనూ ఈ చిక్కు ఉంటుంది.

పిచర్‌కు బదులు మరొకడు బ్యాటింగ్ చేస్తే పరుగులు పెరగాలి కదా?

పెరగాలి. ఐపీఎల్‌లో 2023లో ‘ఇంపాక్ట్ ప్లేయర్’ వచ్చాక పదకొండో నంబరు బౌలర్ బ్యాటు పట్టే అవసరం తగ్గింది. 2024లో మన సన్‌రైజర్స్ బెంగళూరు మీద 287 కొట్టింది. బేస్‌బాల్‌లో అలాంటి ఏర్పాటు 1973లోనే, అమెరికన్ లీగ్‌లో మొదలైంది. దాని పేరు డెజిగ్నేటెడ్ హిట్టర్. ఆ లీగ్‌లో పరుగులు ఒక్కసారిగా పెరిగాయి. తమాషా ఏమిటంటే, నిబంధన మారని నేషనల్ లీగ్‌లోనూ ఆ ఏడాది కాస్త పెరిగాయి.

నేషనల్ లీగ్‌కు ఈ నిబంధన శాశ్వతంగా వచ్చింది 2022లో. పిచర్ల బ్యాటింగ్ పోయింది కాబట్టి పరుగులు పెరుగుతాయని కాగితం మీద ఎవరైనా చెప్పేవారు. జరిగింది తలకిందులు: జట్టు సగటు 4.53 నుంచి 4.28కి పడిపోయింది. కారణం వెతకాలంటే నిబంధనల పుస్తకం మూసి బంతిని చూడాలి.

బంతిలో ఏముంది?

నన్నడిగితే అసలు కథ ఇక్కడే ఉంది. 2019లో మేజర్ లీగ్‌లో 6,776 హోమ్ రన్లు వచ్చాయి. అది రికార్డు. ఆ ఏడాది నిబంధనల్లో అంత పెద్ద మార్పేమీ లేదు. బంతి గాలిని తక్కువ అడ్డుకుంటోందనీ, కుట్ల ఎత్తులోని తేడా అందుకు ఒక కారణమనీ లీగ్ నియమించిన శాస్త్రవేత్తలే చెప్పారు. తర్వాత బంతి తయారీని సవరించారు. 2022లో ముప్పై మైదానాల్లోనూ బంతుల్ని తేమ నియంత్రించే పెట్టెల్లో ఉంచడం మొదలైంది. ఈ పద్ధతికి ముందు దారి చూపింది డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్, 2002లో. మైలు ఎత్తున ఉన్న ఆ ఊళ్లో గాలి పల్చన, బంతి ఎగిరితే ఆగదు. పెట్టె వచ్చాక కూడా అక్కడ గీత మిగతా ఊళ్ల కన్నా ఎత్తులోనే ఉంటుంది.

2021 జూన్‌లో మరో అలజడి. పిచర్లు వేళ్లకు జిగురు పూసుకోకూడదన్న నిబంధన ఎప్పటి నుంచో ఉంది, అమలు చేసేవారే లేరు. ఆ నెల నుంచి అంపైర్లు చేతులు, టోపీలు తనిఖీ చేయడం మొదలుపెట్టారు. దొరికితే బయటికి, ఆపైన పది ఆటల సస్పెన్షన్. పుస్తకంలో ఒక్క అక్షరం మారకుండానే ఆట మారింది.

2023 మార్పులు గీతను ఎంత జరిపాయి?

ఆ ఏడాది ఒకేసారి మూడు వచ్చాయి. బేస్‌ల మీద ఎవరూ లేనప్పుడు పిచర్ 15 సెకన్లలో, ఉన్నప్పుడు 20 సెకన్లలో బంతి వేయాలి. బేస్‌ల వెడల్పు 15 అంగుళాల నుంచి 18కి పెరిగింది. ఫీల్డర్లు బ్యాటర్‌ను బట్టి ఒక పక్కకే గుంపుగా చేరే ‘షిఫ్ట్’ పోయింది. రెండో బేస్‌కు చెరోపక్కా ఇద్దరేసి ఇన్‌ఫీల్డర్లు ఉండాలి. పిచర్ రన్నర్‌ను అదుపు చేయడానికి ఒక బ్యాటర్‌కు రెండుసార్లకు మించి ఆగే వీలు కూడా తగ్గింది.

జట్టు సగటు 4.28 నుంచి 4.62కు చేరింది. ఆటకు దాదాపు 0.7 పరుగు పెరిగిందన్నమాట. గీత అర పరుగు చొప్పున జరుగుతుంది కాబట్టి, 8.5 ఉండాల్సిన చోట 9 కనిపించడానికి అది చాలు. దొంగిలించిన బేస్‌లు, అంటే బ్యాటర్ బంతి కొట్టకుండానే రన్నర్లు పరిగెత్తి అందుకున్నవి, 2,486 నుంచి 3,503కు పెరిగాయి.

ఇక్కడిదాకా చదివి ‘ఓవర్’ కాయడానికి ఫోన్ తీసినవాళ్లు 2024 కూడా చూడాలి. ప్రధాన నిబంధనలు అవే. రన్నర్లు ఉన్నప్పటి గడువు 20 నుంచి 18 సెకన్లకు తగ్గడం లాంటి చిన్న సవరణలే వచ్చాయి. బేస్‌ల దొంగతనాలు ఇంకా పెరిగి 3,617 అయ్యాయి. పరుగులు మాత్రం 4.39కి దిగాయి. షిఫ్ట్ పోతే పెరుగుతుందనుకున్న బ్యాటింగ్ సగటు .243 నుంచి .248కి ఎక్కి, మళ్లీ .243కే వచ్చి కూర్చుంది.

ఆట దాదాపు అరగంట తొందరగా ముగుస్తోంది. పరుగులు తగ్గవా?

ఇది క్రికెట్ అలవాటులోంచి వచ్చే సందేహం, ఓవర్లు తగ్గితే స్కోరు తగ్గుతుందని. బేస్‌బాల్‌కు కొలత గడియారం కాదు, అవుట్లు. జట్టుకు 27 అవుట్లు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. 2022లో మూడు గంటల నాలుగు నిమిషాలు పట్టిన సగటు ఆట 2023లో రెండు గంటల నలభైకి వచ్చిందంటే, పోయింది గ్లోవ్ సర్దుకోవడం, ఉమ్మడం, ఆకాశం చూడటం.

గడియారం నేరుగా స్కోరు మీద చెయ్యి వేసే సందర్భం ఒకటుంది. పిచర్ ఆలస్యం చేస్తే ఒక బాల్, బ్యాటర్ ఎనిమిది సెకన్లు మిగిలేలోపు సిద్ధం కాకపోతే ఒక స్ట్రైక్. 2023 ఫిబ్రవరిలో అట్లాంటా, బోస్టన్ జట్ల సన్నాహక ఆటలో స్కోరు 6-6, తొమ్మిదో ఇన్నింగ్స్, బేస్‌లు నిండి ఉన్నాయి, రెండు అవుట్లు, మూడు బాల్స్, రెండు స్ట్రైకులు. బ్యాటర్ సిద్ధంగా లేడని అంపైర్ మూడో స్ట్రైక్ ప్రకటించాడు. అదే మూడో అవుట్, ఆట అక్కడితో సరి.

అదనపు ఇన్నింగ్స్ పరుగులు టోటల్‌లో కలుస్తాయా?

మామూలు టోటల్ పందెంలో కలుస్తాయి. ‘మొదటి ఐదు ఇన్నింగ్స్’ అని విడిగా కాస్తే కలవవు.

రెగ్యులర్ సీజన్‌లో పదో ఇన్నింగ్స్ నుంచి ప్రతి జట్టూ రెండో బేస్ మీద ఒక రన్నర్‌తో మొదలుపెడుతుంది. 2020లో తాత్కాలికంగా వచ్చి 2023లో స్థిరపడిన ఈ నిబంధన ‘అండర్’ వాళ్లకు గుండెపోటు. గీత 7.5, తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యేసరికి 3-3 అనుకోండి. ‘అండర్’ బతకాలంటే ఆట 4-3తోనే ముగియాలి. పదో ఇన్నింగ్స్‌లో చెరో పరుగు వచ్చిందా, ఎనిమిది అయిపోయింది. ఆ రన్నర్ చేసిన పరుగు పిచర్ సగటు లెక్కలో పడదు, పందెం ఖాతాలో మాత్రం పడుతుంది.

ఇంకో మెలిక. ఆతిథ్య జట్టు చివర్లో గెలుపు పరుగు కొట్టగానే ఆట ఆగిపోతుంది. 4-4 దగ్గర బేస్‌లన్నీ నిండి ఉండగా సింగిల్ కొడితే లెక్కలోకి వచ్చేది ఒక్క పరుగే. అదే హోమ్ రన్ అయితే నాలుగూ లెక్కే. గీత 8.5 ఉంటే రెండింటికీ తేడా లేదు, 10.5 ఉంటే ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా.

ప్లేఆఫ్స్‌లో ఈ రన్నర్ ఉండడు. 2022 అక్టోబరులో హ్యూస్టన్, సియాటిల్ పదిహేడు ఇన్నింగ్స్ పాటు ఒక్క పరుగూ లేకుండా లాగాయి. పద్దెనిమిదో ఇన్నింగ్స్‌లో జెరెమీ పేన్యా హోమ్ రన్‌తో 1-0. 2025 వరల్డ్ సిరీస్ మూడో ఆటా పద్దెనిమిది ఇన్నింగ్స్‌కు వెళ్లింది, టొరంటో మీద డాడ్జర్స్ 6-5.

2026లో వచ్చిన కెమెరా అప్పీలు సంగతి?

అంపైర్ ఇచ్చిన బాల్, స్ట్రైక్ నిర్ణయాన్ని బ్యాటర్, పిచర్, క్యాచర్‌లలో ఎవరైనా తల తట్టి సవాలు చేయొచ్చు. జట్టుకు రెండు అవకాశాలు, నెగ్గితే అది ఖర్చు కాదు. మన డీఆర్‌ఎస్‌కు దగ్గరి చుట్టం. కీలకమైన బంతి మీద వాడితే ఒక ఇన్నింగ్స్ తలరాత మారుతుంది. అది ఒకసారి పిచర్‌కు మేలు, ఇంకోసారి బ్యాటర్‌కు మేలు. అందుకని గీతను ఒకే వైపు నెడుతుందని నేను అనుకోను.

అయితే కొత్త నిబంధన ముందుగా చదివినవాడికి లాభం లేదా?

నిబంధనలు మార్చే కమిటీలో క్లబ్బుల ప్రతినిధులు ఆరుగురు, ఆటగాళ్లు నలుగురు, ఒక అంపైర్ ఉంటారు. 2023 గడియారానికీ షిఫ్ట్ నిషేధానికీ ఆటగాళ్లు వ్యతిరేకంగా ఓటేసినా నెగ్గలేదు. నిర్ణయం సీజన్‌కు నెలల ముందే బయటికి వస్తుంది. మైనర్ లీగ్‌లో ముందే పరీక్షిస్తారు. ఆ లెక్కలన్నీ గీత గీసేవాడి బల్ల మీద ఉంటాయి. మనకు పేపర్లో కనబడేనాటికి గీత జరిగిపోయి ఉంటుంది. గడియారం వచ్చిందని కాదు, ఈ రోజు గాలి ఎటు వీస్తోంది, పిచర్ ఎవరు, అంపైర్ ఎవరు అన్నవే రోజువారీ గీతను కదిలిస్తాయి.

వాన వచ్చి ఆట ఆగితే నా డబ్బు?

లీగ్ లెక్కలో ఐదు ఇన్నింగ్స్ దాటిన ఆట అధికారికమే, గెలుపూ చెల్లుతుంది. టోటల్‌కు అది చాలదు. చాలా సంస్థలు తొమ్మిది ఇన్నింగ్స్ పూర్తి కావాలంటాయి. ఆతిథ్య జట్టు ముందుంటే ఎనిమిదిన్నర. లేకపోతే పందెం రద్దు, డబ్బు వెనక్కి. ఆట మరుసటి రోజు కొనసాగితే ఏమిటన్నది సంస్థ సొంత నిబంధనల్లో ఉంటుంది. పందెం కాసే ముందు చదవాల్సింది ఆ పేజీయే, ఎవరూ చదవరు.

మీరు 8.5 దగ్గర కాశాక గీత 9కి వెళ్లినా మీ పందెం 8.5 దగ్గరే ఉంటుంది. కొట్టొచ్చినట్టు కనిపించే అచ్చు తప్పుతో ధర వేసినప్పుడు మాత్రం రద్దు చేసే హక్కు సంస్థ అట్టిపెట్టుకుంటుంది. తగవు వస్తే ముందు సంస్థకు రాతపూర్వకంగా, తేలకపోతే రాష్ట్ర నియంత్రణ సంస్థకు. న్యూజెర్సీలో అది డివిజన్ ఆఫ్ గేమింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్.

ఒక్కో బంతి మీద కూడా పందేలు ఉన్నాయట?

ఉన్నాయి, ఇప్పుడు పరిమితితో. 2025 నవంబరులో క్లీవ్‌లాండ్ పిచర్లు ఇద్దరి మీద, పందెగాళ్ల కోసం ముందే చెప్పి బంతులు వేశారని ఫెడరల్ అభియోగాలు వచ్చాయి. ఇద్దరూ తప్పు చేయలేదన్నారు. వెంటనే ఒక్క బంతి మీద పందెం 200 డాలర్లకు మించకుండా, ఇతర పందేలతో కలపకుండా కట్టడి చేశారు. మొత్తం టోటల్‌ను ఒక్కడు మార్చడం కష్టం, ఒక బంతిని నేలకేసి కొట్టడం ఎవడికైనా తేలికే. తన జట్టు ఆట మీద పందెం కాసిన ఆటగాడికి జీవితకాల నిషేధం. 2024లో టుకుపిటా మార్కానోకు పడింది.

మనవాళ్లు విడిగా చూసుకోవాల్సినవి?

న్యూజెర్సీలో 21 ఏళ్లు నిండితే చట్టబద్ధం. టెక్సస్, కాలిఫోర్నియాలో స్పోర్ట్స్ బెట్టింగ్‌కు రాష్ట్ర అనుమతి ఇంకా లేదు. డాలస్‌లో ఉండి బంధువు న్యూజెర్సీ ఖాతా వాడదామంటే లొకేషన్ పట్టేస్తుంది. పైగా ఒకరి ఖాతాలో ఇంకొకరు ఆడటమే నిబంధనలకు విరుద్ధం.

గెలిచిన డబ్బు పన్ను కట్టాల్సిన ఆదాయం, ఫారం వచ్చినా రాకపోయినా. 2026 నుంచి నష్టాల్లో 90 శాతమే మినహాయింపుగా చూపించుకోవచ్చు. పన్ను లెక్కలో నాన్‌రెసిడెంట్ అయిన ఎఫ్-1 విద్యార్థికి ఇంకా గట్టి దెబ్బ: గెలుపు మీద 30 శాతం పన్ను, మామూలుగా నష్టాలు తీసేసుకునే వీలు లేదు. వెయ్యి గెలిచి వెయ్యి పోగొట్టుకున్నా మూడు వందలు కట్టాల్సిందే.

ఇండియాలో ఉన్న బావమరిది నా ఖాతాతో కాయొచ్చా?

వద్దు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించే కేంద్ర చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. నడిపేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడేవాళ్ల జోలికి ఆ చట్టం పోదు. కానీ తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ తమ జూద చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను వాటి కిందికి తెచ్చాయి. వాటిలో కాసినవాడూ దోషే. బావమరిదికి ఆట చూపించండి. తెల్లవారుజామున లేచి చూడాలి మరి, అది అతని ఓపిక.