నొప్పి చేత సంతకం పెట్టించకండి

నెలల తరబడి నడుము నొప్పి వదలకపోతే ఎంతటి వాళ్లకైనా ఓపిక నశిస్తుంది. రాత్రి పక్క మీద ఇటు నుంచి అటు తిరగాలంటే మంచం పట్టె పట్టుకోవాలి. బస్సులో సీటు దొరికినా కూర్చోలేరు, లేచి నిలబడలేరు. అలాంటి రోజున డాక్టరు ‘డిస్క్ మార్చేద్దాం’ అంటే ‘ఏదో ఒకటి చేసెయ్యండి సార్’ అనేస్తాం. ఆ మాట మన చేత అనిపించేది నొప్పి. వెన్నెముకకు సంబంధించిన నిర్ణయాన్ని దాని చేతుల్లో పెట్టకండి. నొప్పి కాస్త నెమ్మదించిన రోజున, తెల్లకాగితం ముందు పెట్టుకుని, మీరే తీసుకోండి.

ముందుగా ఒక హెచ్చరిక. కాలో పాదమో పట్టు తప్పుతున్నా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా కారిపోతున్నా, తొడల మధ్యా మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోయినా ఈ వ్యాసం పక్కన పడేసి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. నరాలు నలిగిపోతున్నప్పుడు ప్రతి గంటా విలువైనదే. నేను మాట్లాడుతున్నది ఆ లక్షణాలేవీ లేకుండా, మూడు నెలలు దాటినా వదలని మొండి నొప్పి గురించి. ఇక్కడ ఆలోచించుకునే వ్యవధి ఉంది. చాలామంది దాన్ని వాడుకోరు.

ఎమ్మారై రిపోర్టుతోనే తడబాటు మొదలవుతుంది. ‘ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ బల్జ్’, ‘డీజనరేటివ్ మార్పులు’ అని అందులో ఉంటుంది. ‘గ్యాప్ వచ్చిందట’ అని ఒకరు, ‘అరిగిపోయిందట’ అని ఇంకొకరు. ఆ రాత్రి నుంచి నొప్పి మరికాస్త పెరిగినట్టే ఉంటుంది. కానీ నడుము నొప్పి లేనివాళ్ల స్కాన్ల మీద జరిగిన 33 అధ్యయనాలను పరిశోధకులు 2015లో ఒక్కచోట చేర్చి చూశారు. ఏ బాధా లేని ఇరవయ్యేళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది. ఎనభై ఏళ్ల వాళ్లలో అది 96 శాతం. అంటే డిస్క్ అరిగిందని రిపోర్టు చెప్పగలదు. మీ నొప్పి దానివల్లే అని మాత్రం రిపోర్టు ఒక్కటే చెప్పలేదు. ఆ ముడి విప్పాల్సింది మిమ్మల్ని పడుకోబెట్టి, కాలెత్తించి, వంగమని, నడవమని చూసే డాక్టరు. ఫిల్మ్ చూసి, మిమ్మల్ని ముట్టుకోకుండానే ఆపరేషన్ తేదీ చెప్పేస్తే ఇంకొక స్పైన్ సర్జన్‌ను కలవండి. అది మొదటి డాక్టరును అవమానించడం కాదు. మంచి సర్జన్ ఎవరూ రెండో అభిప్రాయానికి నొచ్చుకోరు.

ఇంతకీ ఆపరేషన్‌లో ఏం చేస్తారు? రెండు దారులున్నాయి. పాడైన డిస్క్ తీసేసి, పైనా కిందా ఉన్న వెన్నుపూసలను ఒకటిగా అతుక్కునేలా బిగించడం ఫ్యూజన్. అక్కడ కదలిక ఆగిపోతుంది. డిస్క్ రీప్లేస్‌మెంట్‌లో ఆ ఖాళీలో కృత్రిమ డిస్క్ పెడతారు. చాలా రకాల్లో రెండు లోహపు పళ్లేల మధ్య గట్టి ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. కదలిక మిగులుతుంది. ఇలాంటి తొలినాటి డిస్క్‌లలో ఒకదాన్ని రూపొందించిన ఇద్దరిలో ఒకరు కరీన్ బ్యూట్నర్-యాంజ్. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో తూర్పు జర్మనీ తరఫున జిమ్నాస్టిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచి, ఆ తర్వాత ఎముకల డాక్టరైన మనిషి. వెన్ను వంగడం విలువ ఆమెకన్నా ఎవరికి బాగా తెలుస్తుంది! కుర్ట్ షెల్నాక్‌తో కలిసి బెర్లిన్‌లోని షారిటే ఆస్పత్రిలో ఆమె తయారుచేసిన డిస్క్‌ను 1984లో తొలిసారి రోగికి అమర్చారు. 2004లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని ఆమోదించింది.

ఇక్కడితో ఆగితే ఇదొక విజయగాథ. కానీ బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ, నడుము నొప్పికి డిస్క్ రీప్లేస్‌మెంట్ చేయవద్దని 2016లో చెప్పింది. ఒక దేశం అనుమతించిన ఆపరేషన్‌ను ఇంకో దేశం వద్దంటోంది. కాబట్టి ‘ఇది మంచిదా, చెడ్డదా’ అని ఊరంతా అడిగితే లాభం లేదు. ‘నాకు తగినదా’ అన్నదే అడగాల్సిన ప్రశ్న.

నార్వేలో ఈ ఆపరేషన్‌ను శ్రద్ధగా పరీక్షించారు. 173 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు డిస్క్ మార్చారు. రెండో జట్టుకు వ్యాయామం, నొప్పి గురించి అవగాహన, కౌన్సెలింగ్ కలిసిన పునరావాస శిక్షణ ఇచ్చారు. 2011లో ఫలితాలు వచ్చాయి. రెండేళ్ల తర్వాత రెండు జట్లూ మెరుగయ్యాయి. ఆపరేషన్ జట్టు కొంచెం ముందుంది. నొప్పివల్ల పనులు ఎంత ఆగిపోతున్నాయో కొలిచే వంద పాయింట్ల స్కేలు మీద తేడా 8.4. రోగికి నిజంగా తెలిసేంత తేడా అనాలంటే 10 ఉండాలని పరిశోధకులు ముందే అనుకున్నారు. ఆపరేషన్ పనికిరాదని దీనర్థం కాదు. కత్తి పట్టకుండానే చాలా దూరం వెళ్లవచ్చని అర్థం.

‘ఫిజియోథెరపీ చేయించాను, పనిచేయలేదు’ అనే మాటను ఇక్కడ నిలదీయాలి. మన దగ్గర చాలామందికి ఫిజియోథెరపీ అంటే బోర్లా పడుకుని నడుముకు కరెంటు పెట్టించుకోవడం, వేడి కాపడం, ట్రాక్షన్, ఇంటికి వస్తూ ఒక బెల్టు. అది ఉపశమనం. శిక్షణ అంటే పొట్ట, వీపు, పిరుదుల కండరాలకు రోజూ పని చెప్పడం, వారం వారం బరువు పెంచడం, నొప్పికి భయపడి మానేసిన పనులను ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టడం. నెలల తరబడి అలా చేశారా? చేసి ఉంటే మీ ప్రయత్నం పూర్తయింది, తల ఎత్తుకుని ఆపరేషన్ గురించి మాట్లాడవచ్చు. చేయకపోతే ఆ మెట్టు ఇంకా ఎక్కలేదు. అమెరికాలో ఈ డిస్క్‌లకు ఇచ్చిన ఆమోదం కూడా కనీసం ఆరు నెలలు ఇతర చికిత్సలతో తగ్గని వాళ్లకే.

ఇంకా కొన్ని షరతులున్నాయి. ఎముకలు గుల్లబారి ఉండకూడదు. వెన్నుపూస ఎక్కువగా ముందుకు జారి ఉండకూడదు. వెనకవైపు ఫేసెట్ కీళ్లు అరిగిపోయి ఉండకూడదు, ఎందుకంటే కొత్త డిస్క్ కదలికను కాపాడుతుంది, ఆ కదలికతోనే కీళ్ల నొప్పి కొనసాగుతుంది. ఒకే చోట సమస్య ఉండి, మిగతా వెన్ను ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఇది బాగా నప్పుతుంది. నాలుగు చోట్ల అరిగిన అరవై ఐదేళ్ల వాళ్లకు డిస్క్ మార్చాలని ఎవరైనా చెబితే ఎందుకని గట్టిగా అడగండి.

అడగడం అనగానే మనకు మొహమాటం. డాక్టరు గారి ముందు నోరు పెగలదు, బయటికి వచ్చాక వంద సందేహాలు. అందుకే కాగితం మీద రాసుకుని వెళ్లండి. నా నొప్పి ఈ డిస్క్ నుంచే వస్తోందని మీకెలా తెలిసింది? నొప్పి పూర్తిగా పోతుందా, సగం తగ్గుతుందా? ఇలాంటివి మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? నాకు ఫ్యూజన్ ఎందుకు కాదు? ఇది విఫలమైతే తర్వాత ఏమిటి? ఆ చివరి ప్రశ్న వదలకండి. నడుము డిస్క్‌ను పొట్ట వైపు నుంచి, పెద్ద రక్తనాళాలను పక్కకు జరిపి అమర్చుతారు. మళ్లీ తీయాల్సి వస్తే ఆ దారిలో కణజాలం అతుక్కుపోయి ఉంటుంది, రెండోసారి ప్రమాదం ఎక్కువ. ఇదే దారిలో ఉన్న సన్నని నరాలు దెబ్బతింటే మగవాళ్లలో వీర్యం బయటికి రాకుండా వెనక్కి వెళ్లే సమస్య కొందరికి వస్తుంది. పిల్లలు కావాలనుకునే యువకులు ఈ సంగతి సిగ్గుపడకుండా ముందే మాట్లాడాలి.

అసలు కాగితంలో పై వరుసలో ఉండాల్సింది వేరే ఉంది. ‘నేను మళ్లీ ఏ పని చేయాలనుకుంటున్నాను?’ క్లాసులో ముప్పావుగంట నిలబడి పాఠం చెప్పాలా? దుకాణంలో రోజంతా కూర్చోవాలా? పొలంలో బస్తా ఎత్తాలా? ‘నొప్పి పోవాలి’ అన్నది కోరిక, ‘ముప్పావుగంట నిలబడాలి’ అన్నది లక్ష్యం. లక్ష్యం స్పష్టంగా చెబితే డాక్టరు కూడా ‘అది సాధ్యమే’ అనో ‘బస్తాలు మాత్రం మరచిపోండి’ అనో స్పష్టంగా చెప్పగలరు.

‘ఫలానా ఆయన చేయించుకుని మంచాన పడ్డాడు’ అనే బంధువులు తప్పకుండా తగులుతారు. వాళ్లది ప్రేమే. కానీ ఆయనకు జరిగింది ఏ ఆపరేషనో, ఏ కాలంలోనో, ఏ జబ్బుకో వాళ్లకు తెలియదు. అన్ని షరతులకూ సరిపోయి, శిక్షణ పూర్తి చేసి, ఇద్దరు సర్జన్లు అదే మాట చెప్పాక కూడా ఎవరో భయపెట్టారని ఏళ్ల తరబడి నొప్పితో బతకడం అన్యాయం. అలాంటప్పుడు ముందడుగు వేయండి. సిగరెట్ మానేయండి, షుగర్ అదుపులోకి తెచ్చుకోండి, ఎన్నాళ్లు సెలవు కావాలో, ఇంట్లో ఎవరు చూసుకుంటారో, ఖర్చు ఎంతో ముందే తేల్చుకోండి. వద్దనుకుంటే అదీ గౌరవప్రదమైన నిర్ణయమే. ఆరు నెలల తర్వాత మళ్లీ చూద్దామని తేదీ రాసిపెట్టుకుని శిక్షణ కొనసాగించండి.

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రిపోర్టుల కవరులో ఆ కాగితం కూడా పెట్టుకోండి. ఇంటి నుంచి ఒకరిని వెంట తీసుకెళ్లి జవాబులు రాయించండి. అన్ని ప్రశ్నలకూ జవాబు వచ్చేదాకా ఆపరేషన్ తేదీ ఖాయం చేయకండి.