కాంబోజదేశమున క్షీరాబ్ధి మథనము

క్షీరసాగర మథన కథను వినని వైష్ణవ గృహము లేదు. ఆ కథను 49 మీటర్ల నిడివిగల రాతిగోడపై కన్నులార గాంచవలెనన్నచో సముద్రము దాటి కంబోడియా దేశమునకు పోవలెను. సియమ్ రీప్ పట్టణమునకు సమీపముననున్న అంగ్‌కోర్ వాట్ ఆలయమున, తూర్పు మండపమునందు ఆ శిల్పము కలదు.

క్రీ.శ. 1113లో సింహాసనమెక్కిన రెండవ సూర్యవర్మ ఈ ఆలయమును శ్రీమహావిష్ణువునకై నిర్మింపజేసెను. మరణానంతరము ఆ రాజునకు ‘పరమవిష్ణులోక’ అను నామము కలిగినది. ఆలయము చుట్టును సుమారు 190 మీటర్ల వెడల్పుగల అగడ్త, నడుమ మేరుపర్వతమును తలపించు అయిదు శిఖరములు కలవు. మధ్య శిఖరము నేలనుండి 65 మీటర్ల ఎత్తున నున్నది. ఆలయము పశ్చిమాభిముఖము. సింహాచలమున స్వామిని సేవించిన తెలుగువారికి ఇది వింతగాదు. కాని ఖ్మేర్ ఆలయములలో అధికభాగము తూర్పుముఖముగా నుండుటచే ఈ విషయమై పండితులు ఎంతయో చర్చించిరి.

అంత దూరము పోయిన భక్తునికి మొదట కలుగునది నిరాశయే. గర్భాలయమున మూలమూర్తి లేదు. కాలక్రమమున ఆలయము బౌద్ధుల ఆరాధనాస్థానమైనది. నాలుగువైపుల తెరచియున్న గర్భాలయ ద్వారములు మూయబడి, వానిపై బుద్ధ ప్రతిమలు వెలసినవి. స్వామి లేని కోవెలకు యాత్ర యేల యని సందేహము కలుగుట సహజమే.

దానికి సమాధానము పశ్చిమ గోపురముననే యున్నది. లోనికి పోవువారి కుడిచేతివైపున అష్టభుజములతో నిలిచిన విష్ణుమూర్తి ఒకటి కలదు. ఖ్మేర్ ప్రజలు ఆ స్వామిని ‘తా రీచ్’ అందురు. ‘తా’ యనగా తాత; ‘రీచ్’ యనగా రాజు. బౌద్ధులైన గృహస్థులు నేటికిని ఆయనకు వస్త్రము కట్టి, పుష్పములు, అగరువత్తులు సమర్పించి, తమ కోరికలు విన్నవించుకొనుచున్నారు. పేరు మారినను కైంకర్యము నిలువలేదని యెవరనగలరు? 1632లో జపానునుండి వచ్చిన ఒక యాత్రికుడు దీనిని బుద్ధుడు నివసించిన జేతవనమని భావించి, స్తంభముపై తన రాకను లిఖించిపోయెను. ఆయన గుర్తించిన స్థలము తప్పు కావచ్చును గాని, ఆయన భక్తి తప్పు కాదు.

ఇక శిల్పమండపములను చూచు క్రమము. మనవారు అలవాటు చొప్పున ఆలయమును కుడిచేతి వైపున ఉంచుకొని ప్రదక్షిణముగా నడతురు. ఇచ్చట శిల్పకథల వరుస అందుకు విపరీతము. కుడివైపునకు తిరిగి కురుక్షేత్రముతో ఆరంభింపవలెను. అచ్చట అంపశయ్యపైనున్న భీష్మపితామహుని చూడవచ్చును. పిమ్మట దక్షిణమున రాజు ఊరేగింపు, యముడు, చిత్రగుప్తుడు, స్వర్గ నరకములు, తూర్పున మథనము, ఉత్తరమున బాణాసుర యుద్ధము, తుదకు పశ్చిమముననే లంకాయుద్ధము. ఈ అప్రదక్షిణ క్రమమును బట్టి ఇది రాజు పరలోకగతికై నిర్మించిన ఆలయమని కొందరు, పడమర విష్ణుదిక్కని మరికొందరు చెప్పుచున్నారు. శిల్పమును చూచుట వేరు, ప్రదక్షిణము వేరు. సంకోచించువారు ఎడమకు తిరిగినను లోపము లేదు. వారికి హనుమంతుని భుజములపై నిలిచి బాణములు వేయు శ్రీరాముడే ముందుగా దర్శనమిచ్చును.

మథన శిల్పము కడ మాత్రము త్వరపడరాదు. వాసుకి శిరస్సువైపు 92 మంది అసురులు, తోకవైపు 88 మంది దేవతలు వరుసతీరి యున్నారు. అసురులకు గుండ్రని మిడిగ్రుడ్లు, దేవతలకు బాదము గింజవంటి కన్నులు. నడుమ చతుర్భుజుడైన స్వామి ఆజ్ఞాపించుచుండగా క్రింద కూర్మరూపమున ఆయనయే భారము వహించుచున్నాడు. పైన అప్సరసలు ఎగురుచున్నారు. దిగువ సముద్రమున మత్స్యములు, మకరములు దూరమున నిశ్చింతగా నీదుచు, మందరమును సమీపించినకొలది ముక్కలు ముక్కలుగా తెగిపోవుచున్నవి! శిల్పి ఆ సుడి వేగమును ఇట్లు తెలిపినాడు. పర్వతముపైన దానిని పట్టియున్న చిన్న మూర్తిని పలువురు ఇంద్రుడందురు. కాని భాగవతము అష్టమ స్కంధమున స్వామి క్రింద కూర్మమై, పైన సహస్రబాహువై పర్వతమును అదిమిపట్టెనని యున్నది. ఆ ఘట్టము చదివి వచ్చిన భక్తుడు పైనున్నదియు స్వామియే యని తలంచినచో కాదనుటకు వీలులేదు.

బాణాసుర యుద్ధమున గరుడుడు శోణితపురపు అగ్నిని ఆర్పుట, తుదకు శ్రీకృష్ణుడు శివుని యెదుట మోకరిల్లుట చూపబడినవి. ఈ శిల్పములు ఆలయముకంటె చాల తరువాత, 16వ శతాబ్దమున చెక్కబడినవి; పనితనము మొదటివానితో సరితూగదు.

శిల్పమును తాకి కన్నుల కద్దుకొను అలవాటును ఇచ్చట మానుకొనవలెను. లక్షలాది చేతుల స్పర్శకు ఇసుకరాయి ఇప్పటికే నున్నబడినది. భుజములు, మోకాళ్లు కప్పు వస్త్రములు ధరింపనివారిని పై అంతస్తునకు పోనీయరు. అచ్చటి మెట్లు మిక్కిలి నిటారుగా నుండును గనుక వృద్ధులు క్రిందనే యుండి సేవించుకొనుట మేలు.

మరుసటి ఉదయము తీరిక యున్నవారు ప్రాసాత్ క్రవాన్‌కు పోవలెను. 921 నాటి చిన్న ఇటుక కోవెల యగుటచే చాలమంది దానిని విడిచి పోదురు. తూర్పుముఖమైన ఆ గుడి మధ్యగోపురములోపల మూడు గోడలపైన ఇటుకలోనే చెక్కిన మూడు విష్ణురూపములు, ఉత్తరపు కొనయందలి గోపురమున లక్ష్మీదేవి కలరు. లోనికి అడుగిడగానే ఎడమగోడపైన పాదము చాచి లోకములను కొలుచు త్రివిక్రముడు దర్శనమిచ్చును.