రోడ్డు మీద చనిపోయిన పాముకు ఫొటో తీయొచ్చా?

ప్రశ్న: వాకింగ్ దారిలో బండ్ల కింద పడి చచ్చిన పాములు కనిపిస్తుంటాయి. ఫొటో తీస్తే తప్పా?

జవాబు: తప్పేమీ లేదు, తప్పకుండా తీయండి. ఆ జీవి అక్కడ బతికిందనడానికి చాలాసార్లు మిగిలే ఆధారం అదొక్కటే. ముందు అటూ ఇటూ బండ్లు చూసుకోండి. చేత్తో మాత్రం తాకొద్దు. తల తెగిపడ్డాక కూడా పాము కాసేపు కాటు వేయగలదు. పక్కన పెన్ను పెడితే పొడవు తెలుస్తుంది. తల, వీపు, తోక విడివిడిగా తీయండి. వీపు మరీ దగ్గరగా కావాలి: కట్లపాముకు వెన్ను మధ్య వరుస పొలుసులు పక్కవాటికన్నా పెద్దవిగా, ఆరు భుజాలతో ఉంటాయి. దానిలాగే కనిపించే విషంలేని వుల్ఫ్ స్నేక్‌కు అలా ఉండవు. లొకేషన్‌తో సహా జీవుల ఫొటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ యాప్‌లో పెట్టి, చనిపోయిందని గుర్తు పెట్టండి. కళేబరాన్ని, చర్మాన్ని ఇంటికి తేవద్దు; 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో చిక్కులొస్తాయి.