మానిన తర్వాత

పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోనిదే అయినా, చుట్టూ చాలామేరకు ఆంధ్రప్రదేశ్ సరిహద్దే. ఇక్కడ తెలుగు, కన్నడం రెండూ వినిపిస్తాయి. ఈ తాలూకాలో పదో తరగతి చదివే ఒక బాలుణ్ణి ఊహించుకొందాం. వానలు లేక చేను ఎండింది. తండ్రి కూలి పనికి బెంగళూరు వెళ్ళాడు. బాలుడు పంక్చరు అతికించే జిగురు పీల్చడానికి అలవాటుపడ్డాడు.

2019లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన సర్వే ప్రకారం ఇటువంటి పీల్చే మత్తు వాడకం పెద్దలలో 0.58 శాతం, 10 నుండి 17 ఏళ్ళ పిల్లలలో 1.17 శాతం. పెద్దలకంటే పిల్లలు ముందున్న మత్తు ఇదొక్కటే. చౌకగా దొరుకుతుంది కదా!

సంగతి తెలిసి అమ్మ, మేనమామ వాణ్ణి బెంగళూరులోని నిమ్హాన్సుకు తీసుకొనిపోయారు. 1974లో ఏర్పడిన ఆ జాతీయ సంస్థలో మత్తు అలవాట్లకు ప్రత్యేక విభాగం ఉంది. చికిత్స మొదలై నెల గడిచింది. జిగురు మానాడు. కాని రాత్రి నిద్ర లేదు, అన్నం సహించదు, స్నేహితులు పిలిస్తే విసుక్కుంటాడు. “మానేశాడుగా, ఇంకేం రోగం? అంతా పొగరు” అన్నారు ఇరుగుపొరుగువారు.

వారి మాట సరికాదు. ఇటువంటి చికిత్సకు వచ్చే పిల్లలలో చాలామందికి దిగులో, భయమో, ఏకాగ్రత లోపమో తోడుగా ఉంటుంది. కొందరికి ఆ బాధ ముందునుంచే ఉంటుంది. దాన్ని మరవడానికే మత్తును ఆశ్రయిస్తారు. మరికొందరికి మత్తే ఆ బాధను తెచ్చిపెడుతుంది. మానిన కొత్తలో కలిగే దిగులు కొన్ని వారాలలో తగ్గవచ్చు. తగ్గకపోతే దానికీ వైద్యం చేయాలి. ఒకదాన్ని వదిలేస్తే అది రెండోదాన్ని మళ్ళీ లాక్కొని వస్తుంది. అందువల్ల వైద్యులు రెండింటినీ కలిపే చూస్తారు. “ఎంత పీల్చావు?” అని మాత్రమే అడగరు, “అంతకుముందు ఎలా ఉండేవాడివి?” అని కూడా అడుగుతారు. బడిలో మనం ఈ రెండో ప్రశ్న అడగనే అడగం.

అటువంటి స్నేహితుడు “బ్రతకాలని లేదు” అన్నాడనుకోండి. ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకొన్నా సరే, ఆ మాట వెంటనే పెద్దలకు చెప్పాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ ఉచిత ఫోను సంఖ్య 14416. రాత్రింబగళ్ళు పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

మన బాలుడి విషయంలో భాష కూడా అడ్డు వచ్చింది. వైద్యురాలు కన్నడంలో అడిగితే తల వంచుకొన్నాడు. “నీకు వచ్చిన మాటలోనే చెప్పు, మీ అమ్మ నాకు చెబుతుంది” అన్నదామె. వాడు చాలాసేపటికి అమ్మవైపు తిరిగాడు.

“నాయన బెంగళూరికి పోయినప్పటినుంచి నాకు నిద్ర లేదమ్మా. జిగురు ఆ తర్వాతే.”