అక్షరాలు కనబడితే చాలదు

మా పెద్దమామయ్యకు కళ్లాసుపత్రి చార్టులో చివరి వరుస కూడా కనబడేది. ఆ ధీమాతోనే ఐదేళ్లు డాక్టరు గడప తొక్కలేదు. ఈలోగా గుమ్మానికి భుజం తగలడం, మెట్లు దిగేటప్పుడు కాలు తడబడటం మొదలైంది. వయసు మీద పడిందిలే అనుకున్నాం. తీరా పరీక్ష చేయిస్తే గ్లకోమా, మనవాళ్లు నీటికాసులు అనే జబ్బు.

కంట్లో ఒక ద్రవం ఊరుతూ, బయటికి పోతూ ఉంటుంది. పోయే దారి మందగిస్తే ఒత్తిడి పెరిగి, చూపును మెదడుకు మోసే నరం నలుగుతుంది. ఆ నరంలో సుమారు పన్నెండు లక్షల పోగులుంటాయి. అవి చప్పుడు లేకుండా చచ్చిపోతుంటే ముందు పోయేది పక్కచూపు. నడిమి చూపు చివరిదాకా నిలుస్తుంది కాబట్టి పేపరు చదువుతూనే ఉంటాం. హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ ఐ డిసీజ్ స్టడీ వాళ్లు ఇళ్లలోని జనాన్ని పరీక్షించినప్పుడు, ఈ జబ్బు బయటపడ్డవాళ్లలో అత్యధికులకు అంతకుముందు ఆ సంగతే తెలియదు.

చేయవలసినవి

నలభై దాటాక కళ్లజోడు షాపులో పవర్ చూపించుకుని వచ్చేయకండి. కంటి డాక్టరు దగ్గర నరం కూడా చూపించుకోండి. అమ్మానాన్నలకో తోబుట్టువులకో ఈ జబ్బుంటే నలభై దాకా ఆగనక్కర్లేదు. ఒత్తిడి 10 నుంచి 21 మధ్య ఉంటే మామూలే అంటారు గానీ, ఆ అంకెల్లో ఉన్నా నరం పాడైనవాళ్లున్నారు. అందుకే ప్రెషర్ ఒక్కటే చూసి వదిలేయకూడదు. చీకటి గదిలో వెలుగు చుక్క కనబడినప్పుడల్లా బటన్ నొక్కించే ఫీల్డ్ టెస్ట్ విసుగే, ఒప్పుకుంటాను. పక్కచూపు ఎంత మిగిలిందో చెప్పేది మాత్రం అదే.

జబ్బుందని తేలితే డాక్టరు రాసే కంటి చుక్కలు వేసుకోవడం సగంమందికి సరిగా రాదని నా అనుమానం. మామయ్య మొదటి నెలంతా చెంపకే వేసుకున్నాడు. చేతులు కడుక్కుని, తల వెనక్కి వాల్చి, కింది రెప్పను వేలితో లాగితే చిన్న సంచిలా తెరుచుకుంటుంది. అందులో ఒక్క చుక్క చాలు. సీసా మూతి కంటికి తగలనివ్వకూడదు. తర్వాత కన్ను మూసి, ముక్కు పక్కనున్న కంటి మూలను రెండు నిమిషాలు వేలితో నొక్కి పట్టాలి. లేకపోతే మందు ముక్కులోకి జారి ఒంట్లోకి పోతుంది, గొంతులో చేదు తగిలేది అందుకే. ఇంకో మందు వేయాలంటే ఐదు నిమిషాలు ఆగాలి. సీసా మూత తీసిన తేదీ దానిమీదే రాసుకోండి, చాలా రకాలు నెలకే పారేయాలి. ఉబ్బసమో, గుండె నెమ్మదిగా కొట్టుకోవడమో ఉంటే ముందే డాక్టరుకు చెప్పండి. టిమోలాల్ లాంటి చుక్కలు అలాంటివాళ్లకు పడవు.

హఠాత్తుగా కన్ను ఎర్రబడి భరించలేని నొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు వస్తే అది ఈ జబ్బులోనే వేరే రకం. పైత్యం అనుకుని మాత్ర మింగి పడుకుంటే తెల్లారేసరికి ఆ కంటి చూపే పోవచ్చు. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి.

చేయకూడనివి

బాగానే ఉంది కదా అని చుక్కలు మానేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఈ మందు పోయిన చూపును తేదు, మిగిలింది కాపాడుతుంది. ఆ మేలు కంటికి కనబడదు, అందుకే సీసా అయిపోతే రెండోది కొనరు.

శుక్లం అనుకుని ‘ముదరనీ, ఆపరేషన్ చేయిద్దాం’ అని కూర్చోకండి. శుక్లం తీస్తే చూపు తిరిగొస్తుంది, చచ్చిన నరానికి ఆ అవకాశం లేదు.

పిల్లాడి కన్ను దురద పెడితే మెడికల్ షాపులో అడిగి తెచ్చిన చుక్కలు నెలల తరబడి వేయకండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే కంటి ఒత్తిడి పెరిగి ఇదే జబ్బు తెచ్చిపెట్టగలదు.

జబ్బు ఉన్నవాళ్లు శీర్షాసనం జోలికి పోకూడదు. పొద్దున్నే లీటరు నీళ్లు గటగటా తాగే అలవాటూ మంచిది కాదు, కాసేపు కంటి ఒత్తిడి పెరుగుతుంది. కొంచెం కొంచెంగా తాగితే బెంగలేదు.

పక్కచూపు తగ్గినవాళ్లు డాక్టరు సరేననేదాకా బండి నడపకూడదు. ఈ ఒక్కదానికే మామయ్య పేచీ పెట్టాడు. స్కూటరు తాళాలు ఇప్పుడు అత్తయ్య బియ్యం డబ్బాలో ఉన్నాయి.