పిల్లలు మెట్లు దిగాక నిలిచే చోటు

హైదరాబాద్ అమీర్‌పేటలో ఒక బడి బాధ్యతను కొత్తగా చేపట్టిన చిరంజీవికి ఆశీస్సులు.

పాఠశాల విపత్తు నిర్వహణ ప్రణాళిక అంటే, ప్రమాదాన్ని ముందే నివారించడానికి, నివారించలేనప్పుడు పిల్లలను ప్రాణాలతో బయటికి చేర్చడానికి, ఆ తరవాత ప్రతి బిడ్డనూ కన్నవారి చేతికి అప్పగించడానికి బడి తనకు తానుగా రాసుకునే కట్టుబాటు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద ఏర్పడిన జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2016లో పాఠశాల భద్రతపై మార్గదర్శకాలు వెలువరించింది కనుక నమూనాలకు కొరత లేదు. అయితే అటువంటి నమూనాలు సాధారణంగా గంట మోగగానే పిల్లలు ఆటస్థలానికి చేరుతారన్న ఊహతో మొదలవుతాయి; అమీర్‌పేట, పంజాగుట్ట సందుల్లో అపార్టుమెంటు వంటి భవనాల్లో నడిచే బడులకు ఆటస్థలమే ఉండదు.

అందువల్ల ఇక్కడి ప్రణాళిక లోపలి నుంచి బయటికి కాక, బయటి నుంచి లోపలికి రాసుకోవలసి ఉంటుంది. ఖాళీ చేసిన పిల్లలంతా ఒకచోట చేరి, తరగతులవారీగా లెక్కకు నిలబడే చోటును సమావేశ స్థలం అంటారు. గేటు ముందు సందునే సమావేశ స్థలంగా రాసుకోవడం పెద్ద పొరపాటు. 2001 జనవరి 26న గుజరాత్ భూకంపం వచ్చినప్పుడు అంజార్‌లో గణతంత్ర దినోత్సవ ఊరేగింపులో ఉన్న బడిపిల్లలు ఇరుకు వీధిలో ఇరువైపుల ఇళ్లు కూలి మరణించారు. హైదరాబాద్‌కు అంతటి భూకంపాల భయం తక్కువే అయినా, మంట రేగినప్పుడు పగిలిపడే అద్దాలు, తెగిపడే కరెంటు తీగలు, లోపలికి రావలసిన అగ్నిమాపక శకటం అన్నీ ఆ సందులోకే వస్తాయి. మెట్రో వంతెన నీడ కూడా నమ్మదగింది కాదు. 2019 సెప్టెంబరులో అమీర్‌పేట స్టేషన్ కింద వానకు తలదాచుకున్న ఒక యువతి పైనుంచి కాంక్రీటు పెచ్చు ఊడిపడి ప్రాణాలు కోల్పోయింది. నడిచి వెళ్లగలిగినంత దూరంలో, పెద్ద రోడ్డు దాటనవసరం లేని ఫంక్షన్ హాలు ప్రాంగణమో, గుడి ఆవరణో, కాలనీ పార్కో చూసుకుని, యజమానుల అంగీకారం రాతపూర్వకంగా తీసుకుని, ఒకటో తరగతి పిల్లలను ఆ దారిన నడిపించి ఎన్ని నిమిషాలు పడుతుందో గడియారం చూసి రాసుకోవడం చిరంజీవి చేయవలసిన మొదటి పని.

ఆ తరవాత మెట్లు. 2004 జులై 16న కుంభకోణంలో బడి వంటశాలలో పుట్టిన నిప్పు పూరికప్పుకు పాకి 94 మంది పిల్లలను బలిగొంది. ఆ విషాదం దరిమిలా అవినాశ్ మెహ్రోత్రా వేసిన వ్యాజ్యంలో 2009లో సుప్రీంకోర్టు, చదువుకునే హక్కులోనే సురక్షితమైన బడిలో చదువుకునే హక్కు ఇమిడి ఉందని తేల్చింది. 2019 మేలో సూరత్‌లో ఒక వాణిజ్య భవనం పై అంతస్తులోని కోచింగ్ సెంటరులో మంటలకు 22 మంది విద్యార్థులు మరణించారు; వారిలో కొందరు దిగే దారి లేక కిందికి దూకినవారు. మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, టిఫిన్ సెంటర్లు ఒకే భవనంలో ఒకదానిపై ఒకటి నడిచే అమీర్‌పేటలో ఆ వార్తను పరాయి ఊరి వార్తగా చదవడం తగదు. జాతీయ భవన నియమావళి విద్యాలయాల మెట్లకు కనీసం 1.5 మీటర్ల వెడల్పు కోరుతుంది. మెట్ల కింద కరెంటు మీటర్లు, మలుపులో పాత బెంచీలు, సెల్లారులో గ్యాస్ సిలిండర్లు ఉన్నచోట ఆ వెడల్పు కాగితంమీదే మిగులుతుంది. దొంగల భయంతో వేసిన గ్రిల్లు తాళం బడి వేళల్లో తీసి ఉండాలన్నది, యజమాని ఎంత నొచ్చుకున్నా, రాజీపడరాని విషయం.

వాన సంగతి వేరు. అప్పుడు బయటికి పంపడమే ప్రమాదం. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసింది. 2020 అక్టోబరు వరదల వేళ కోవిడ్ వల్ల బడులు మూసి ఉండడంతో, వాన వేళ పిల్లలను కాపాడుకోవలసిన పరీక్ష బడులకు తప్పిపోయింది. కుండపోత వేళ మైత్రీవనం దగ్గర నీరు నిలిచిందంటే ఆటోలు, బడి బస్సులు కదలవు, మూతలేని మ్యాన్‌హోల్ కంటికి కనిపించదు. కనుక పిల్లలను పై అంతస్తులో ఉంచి, మంచినీళ్లు, బిస్కెట్లు, టార్చిలైట్లు సిద్ధంగా పెట్టి, పేరు రాసిచ్చిన పెద్దలు స్వయంగా వచ్చి సంతకం చేస్తేనే అప్పగించే పద్ధతిని ముందుగానే తల్లిదండ్రులకు తెలియజేయాలి.

ప్రణాళిక ప్రతి ఒకటి ప్రధానోపాధ్యాయుల గదిలో ఉంటే చాలదు. మెయిన్ స్విచ్ ఎక్కడుందో వాచ్‌మన్‌కు, గ్యాస్ ఎలా కట్టేయాలో వంటమనిషికి, మరుగుదొడ్లలో పిల్లలు మిగిలిపోలేదని ఎవరు చూడాలో ఆయాలకు తెలియాలి. 112, 101, 108 నంబర్లు వారి ఫోన్లలోనూ ఉండాలి. ప్రమాదం వచ్చినట్టే భావించి చేసే సాధనను మాక్ డ్రిల్ అంటారు. దాన్ని ముందుగా ప్రకటించిన ఉదయం ప్రార్థన వేళకు కాక, ఉపాధ్యాయులు చెల్లాచెదురుగా ఉండే మధ్యాహ్న భోజన విరామంలో జరిపితేనే లోపాలు బయటపడతాయి.

నడవలేని బిడ్డ చదివే తరగతి మూడో అంతస్తులో ఉంటే, మోసుకుని దించే మనుషుల పేర్లు రాయడం కంటే, జూన్ 12న బడులు తెరిచేలోపే ఆ తరగతిని కింది అంతస్తుకు మార్చడం మేలు.

ఆశీస్సులతో,
పెదనాన్న