ఇనుము నేర్పిన పాఠాలు

ఈపూరు నుంచి చదువు కోసం వెళ్లి, కణ భౌతికశాస్త్రపు సిమ్యులేషన్ల పనిలోనే జుట్టు నెరిపించుకున్నాను. ఇప్పుడు మన పల్నాడు పిల్లలు కొందరు అదే దారి పట్టారు. వాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

1. అయస్కాంతమంటే తీగచుట్ట ఒక్కటే కాదు.
సెర్న్‌లోని సీఎంఎస్ డిటెక్టర్ బరువు 14,000 టన్నులు. దాని సోలినాయిడ్ లోపల క్షేత్రం 3.8 టెస్లాలు. అందరికీ గుర్తుండేది ఈ రెండో అంకె. బరువులో ఎక్కువ భాగం మాత్రం బయటి ఉక్కుదే. క్షేత్రరేఖలు ఆ ఉక్కులోంచే వెనక్కి తిరుగుతాయి కాబట్టి లోపల ఒకవైపు వంగిన మ్యువాన్ అనే కణం బయటికొచ్చాక రెండోవైపు వంగుతుంది. బయట సున్నా అని రాసి ఊరుకునే విద్యార్థులను చాలామందిని చూశాను. వాళ్లలో మొదటివాణ్ని నేనే.

2. ఇనుమని రాసినంతలో క్షేత్రం రాదు.
జియాంట్4 అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక పెట్టెను ఇనుముతో నింపితే అది ఉత్త ఇనుమే. క్షేత్రాన్ని వేరే సాఫ్ట్‌వేర్‌లో లెక్కగట్టి, పటంగా తెచ్చి మనమే అతికించాలి. చిక్కంతా అక్కడే. జియాంట్4 పెట్టెకు అడిగేది సగం పొడవు. పటం చేసినవాళ్లు పూర్తి పొడవుతో, ఏదో ఒక మూల నుంచి కొలిచి ఉండొచ్చు.

మన దేశపు న్యూట్రినో అబ్జర్వేటరీ కోసం రూపొందించిన ఐకాల్ డిటెక్టర్‌నే తీసుకోండి. 56 మిల్లీమీటర్ల మందం పలకలతో 50,000 టన్నుల ఇనుము. దాన్నంతా అయస్కాంతం చేయాలనుకున్నది మ్యువాన్ ఆవేశం తెలుసుకోవడానికే. రుణ మ్యువాన్ వస్తే న్యూట్రినో, ధన మ్యువాన్ వస్తే యాంటీన్యూట్రినో. పటంలో ఒక్క మైనస్ గుర్తు పోతే ఆ రెండూ తారుమారు. ప్రోగ్రామ్ ఆగదు, గ్రాఫులు ముచ్చటగానే ఉంటాయి.

నా పటంలో ఒకసారి అదే జరిగింది. ఓ విద్యార్థి ఒక్క మ్యువాన్‌ను వదిలి, కాగితం మీద లెక్కేసుకుని వచ్చాడు. 1.5 టెస్లాలకు అడ్డంగా పోయే 1 జీఈవీ మ్యువాన్ మొదట్లో సుమారు 2.2 మీటర్ల వ్యాసార్థంతో వంగాలి. వంపు సరిపోయింది, దిక్కే తేడా. “ఇటెందుకు తిరుగుతోంది సార్?” అన్నాడు. కసిరాను. తప్పు దిద్దుకున్నాను గానీ ఆ కసురు వెనక్కి తీసుకోలేదు.

3. హద్దులు కలవనివ్వకండి.
ఒకే గట్టు ఇద్దరి పాస్‌బుక్కుల్లో ఎక్కితే ఏమవుతుందో మన ఊళ్లో చెప్పక్కర్లేదు. తీగచుట్ట, పలక ఒకే చోటును ఆక్రమిస్తే కణం ఎందులో ఉందో ప్రోగ్రామ్ తేల్చలేదు. ఓవర్‌ల్యాప్ పరీక్ష జియాంట్4లోనే ఉంది, వాడండి.

4. ఖాళీని కూడా గీయాలి.
ఐకాల్‌లో ఒక్కో పొర ఒకే ముక్క కాదు. చిన్న పలకలను పక్కపక్కన పేర్చాలి, మధ్యన కొద్ది మిల్లీమీటర్ల సందు తప్పదు. మ్యువాన్‌కు ఆ సందు లెక్కే కాదు. క్షేత్రానికి మాత్రం పెద్ద అడ్డంకి, దాని ప్రభావం పలకలోకీ పాకుతుంది. అలాగని ప్రతి బోల్టూ గీయనక్కర్లేదు. ఏది క్షేత్రాన్ని కదిలిస్తుందో అది గీయండి.

మదురైలో 85 టన్నుల మినీ ఐకాల్ కట్టారు, 11 ఇనుప పొరలతో. అందులో క్షేత్రాన్ని నిజంగా కొలిచి లెక్కతో పోల్చారు. ముందు ఆ వ్యాసాలు చదవండి, కీబోర్డు తర్వాత.